తిరుగుబాటు రాసిన చట్టం

ఆదిలాబాద్ అడవుల్లో, ఉట్నూరు, ఇంద్రవెల్లి, కెరమెరి వైపు భూమి బేరం మొదలైతే ధర మాట తర్వాత. ముందు అడిగేది, "వన్ సెవెంటీలో ఉన్నదా?" అని. బడి ముఖం చూడనివాళ్ల నోట కూడా పలికే ఈ అంకెలు ఒక చట్టానివి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదలాయింపు మీద 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ కాబట్టి దాని పేరు 1/70. దాని ప్రకారం ఏజెన్సీలో ఆదివాసి తన భూమిని గిరిజనేతరుడికి అమ్మరాదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికీ అమ్మరాదు. కొనేది గిరిజనుడే అయి ఉండాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయి ఉండాలి.

ఇంతకంటే విచిత్రమైన నిబంధన అందులో ఇంకొకటి ఉంది. మామూలు చట్టంలో భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే యజమాని అని కోర్టు మొదట అనుకుంటుంది. కాదన్నవాడు రుజువు చేసుకోవాలి. 1/70 దీన్ని తలకిందులు చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఒకప్పుడు గిరిజనుడిదే అయి ఉంటుందని చట్టమే ముందుగా అనుకుంటుంది. కాదని కాగితాలతో చూపించాల్సిన భారం ఆ భూమి అనుభవిస్తున్నవాడిది.

తన దగ్గర ఏ కాగితమూ లేని మనిషి వైపు నిలబడి, కాగితాలున్న మనిషిని నిలదీసే నిబంధన ఇది. ఇలాంటిది సచివాలయంలో కూర్చున్న గుమాస్తాకు తనంత తానుగా తోచేది కాదు. దీని వెనక నూటముప్పై ఏళ్ల కథ ఉంది. ఆ కథలో ప్రతి అధ్యాయం ఒక తిరుగుబాటుతో మొదలై ఒక రెగ్యులేషన్‌తో ముగుస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో దాని ముఖ్యమైన మలుపు ఉంది. పక్కనే కరీంనగర్ మైదానంలో అదే కథ మరో దారి పట్టింది.

తూర్పు కొండల్లో మొదటి అక్షరం

కథ మొదలైంది గోదావరికి అవతల, మద్రాసు ప్రెసిడెన్సీలో. 1830లలో పర్లాకిమిడి, విశాఖపట్నం జమీందారీల్లో వరుసగా అలజడులు లేచాయి. సైన్యంతో పాటు జార్జ్ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా పంపారు. ఆ అలజడులు అణిగాక 1839లో ఇరవైనాలుగో నంబరు చట్టం వచ్చింది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్‌ను గవర్నర్ ఏజెంటుగా నియమించింది. ఇవాళ మనం వాడే "ఏజెన్సీ" అనే మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే.

నలభై ఏళ్ల తర్వాత, 1879లో, రంప లేచింది. అక్కడి మన్సబుదారు కల్లు గీతమీద పన్ను వేశాడు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, కోర్టుల్లో డిక్రీలు పుచ్చుకుని కొండవాళ్ల పొలాలు లాక్కుని, పశువులను తోలుకుపోయారు. కోర్టు ఎక్కడుందో, వాయిదా ఎప్పుడో, జవాబు ఏ భాషలో చెప్పాలో తెలియని మనిషికి డిక్రీ అంటే చట్టం వేషంలో వచ్చిన దోపిడీ. కొండరెడ్లు, కోయలు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. తమ్మన్నదొర వంటి నాయకులను వెంటాడి చంపేదాకా అది ఆగలేదు.

ఆ తిరుగుబాటుకు జవాబు చట్టం రూపంలో రావడానికి మరో 38 ఏళ్లు పట్టింది. 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం రెండు పనులు చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్లకు చేరితే అది చెల్లదంది. వడ్డీకి హద్దు పెట్టింది. అయితే వెట్టి మాటా అడవి మాటా ఎత్తలేదు. అయిదేళ్లు తిరిగేసరికి అల్లూరి సీతారామరాజు వెనక మన్యం మళ్లీ లేచింది. చట్టం సగమే వింటే మిగతా సగం మళ్లీ గట్టిగా వినిపిస్తుందని ఆ కొండలు అప్పుడే చెప్పాయి.

గుడిసెలు కాలిన చోట

నిజాం రాజ్యంలో 1917 చట్టం వంటిది ఏదీ లేదు. ఆదిలాబాద్ గోండులు ఒకప్పుడు ఈ నేలకు రాజులు. సిర్పూరు, చాందా కోటలు కట్టుకున్నవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో వాళ్ల చుట్టూ మూడు వైపుల నుంచి వల బిగిసింది.

మొదటిది రైలు. కాజీపేట నుంచి బల్లార్షాకు పట్టాలు పడేసరికి అడవి నడుమకు దారి తెరుచుకుంది. మైదాన ప్రాంతాల నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి సేద్యగాళ్లూ సావుకార్లూ దిగారు. రెండోది రెవెన్యూ కాగితం. గోండులు తరతరాలుగా దున్నుతున్నా చాలామందికి పట్టా లేదు. ఏటా శిస్తు కట్టి దున్నుకునే శివాయి జమాబందీ కిందే బతికారు. పట్టా ఎలా రాయించుకోవాలో తెలిసిన బయటివాడు వచ్చి దరఖాస్తు పెట్టుకుంటే, నిన్నటిదాకా తన చెల్క అనుకున్న నేలలో గోండు కౌలుదారు అయ్యేవాడు, లేదా జీతగాడు అయ్యేవాడు.

మూడోది జంగ్లాత్, అంటే అటవీ శాఖ. గోండుల సేద్యంలో కొన్నేళ్లు దున్ని, నేలకు సత్తువ తిరిగి రావడానికి కొన్నేళ్లు బీడు పెట్టే పద్ధతి ఉంది. అడవికి హద్దులు గీసిన అధికారులు ఆ బీళ్లను అడవిగా లెక్కగట్టారు. ఆ గీత పడ్డాక సొంత బీడులోకి నాగలి తీసుకెళ్లడం నేరం. పశువులు మేపితే సుంకం, వంటచెరకుకు సుంకం. సుంకం కట్టలేనివాడు గార్డు చేయి తడపాలి.

కుమురం భీం ఈ మూడింటి నడుమ పెరిగినవాడు. ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో 1901లో పుట్టాడని ప్రభుత్వ లెక్క. పంట మీదికి వచ్చిన సిద్దీఖ్ అనే ఆసామిని కొట్టి చంపి పారిపోయాడని, చాందా వైపు తిరిగి, అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి, చదవడం రాయడం నేర్చుకుని తిరిగొచ్చాడని జనం చెప్పుకుంటారు. ఆయన జీవితంలో చాలా భాగం ఇలా జనం నోటనే మిగిలింది. తర్వాత జరిగింది మాత్రం సర్కారు దాకా వెళ్లిన సంగతి.

కొండల మీద బాబేఝరి ప్రాంతంలో కొన్ని కుటుంబాలు అడవి నరికి సేద్యం మొదలుపెట్టాయి. జంగ్లాత్ వాళ్లు వచ్చి గుడిసెలు తగలబెట్టారు. భీం చేసిన మొదటి పని తుపాకి పట్టడం కాదు. దరఖాస్తు పట్టుకుని అధికారుల చుట్టూ తిరగడం. అనుమతి కోసం, పట్టాల కోసం ఆయన మెట్లెక్కాడు. నిజాం దర్శనం కోసం హైదరాబాద్ దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడని కూడా చెబుతారు. పై అధికారి ఒక మాట అంటే కింది గార్డు ఇంకో పని చేశాడు. కాగితం దారి మూసుకుపోయాక పన్నెండు గూడేల జనం జోడేఘాట్ కొండల మీద చేరి, ఈ నేల మాది, శిస్తూ సుంకమూ కట్టేది లేదని ప్రకటించారు. చర్చలకు వచ్చిన అధికారుల మాట వాళ్లు నమ్మలేదు. 1940లో పోలీసు బలగాలు కొండెక్కి కాల్పులు జరిపాయి. భీం, ఆయన అనుచరులు కొందరు అక్కడే నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పున్నమికి గోండులు జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి జరుపుతారు.

జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు ఇవాళ దేశమంతా తిరుగుతున్నాయి, వాటిని భీం పేరుతోనే తలుచుకుంటారు. నీళ్లు, అడవి, నేల మీద హక్కు అంటే ఇంకెవరి సొమ్మూ కాదు. తమ కాళ్ల కింద ఉన్నదాన్ని తమదని ఒప్పుకోమనడమే. అధికారాన్ని కూల్చేద్దామని బయల్దేరిన దండు కాదు వాళ్లది. అధికారం తన మాట మీద తాను నిలబడాలని అడిగి అడిగి అలిసిపోయిన జనం.

ఎందుకు అని అడిగిన సర్కారు

జోడేఘాట్ కాల్పుల తర్వాత నిజాం ప్రభుత్వం మరో నాలుగు పోలీసు ఠాణాలు పెట్టి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అది చరిత్రలో అరుదుగా జరిగే సంగతి, దానికి ఒక విచిత్రమైన కాకతాళీయం తోడైంది.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ వియన్నాలో చదువుకున్న మానవశాస్త్రవేత్త. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నాక అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన సమయానికి అతను ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశ పౌరుడు, కాబట్టి నిజాం రాజ్యం దాటి వెళ్లడానికి వీల్లేదు. కదలనివ్వని ఆ ఆంక్షే అతన్ని హైదరాబాద్ రాజ్యపు ఆదివాసుల దగ్గరికి చేర్చింది. మొదట నల్లమలలో చెంచుల్ని, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్లను చూశాడు. 1941 నుంచి ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చాడు. జైనూరు దగ్గర మార్లవాయిలో గోండుల ఇళ్ల నడుమ ఇల్లు కట్టుకుని, భార్య బెట్టీతో కలిసి అక్కడే ఉన్నాడు.

అతను రాసిన నివేదికలు ఆదివాసి తిరుగుబాటుకు అప్పటిదాకా సర్కారు ఇచ్చిన అర్థాన్ని మార్చేశాయి. తిరుగుబాటు అంటే మూర్ఖత్వమని, మంత్రగాళ్ల మాయ అని, బయటివాళ్ల కుట్ర అని ఠాణా రికార్డులు రాస్తాయి. హైమండార్ఫ్ 1945లో "మ్యాన్ ఇన్ ఇండియా" పత్రికలో దక్కన్ ఆదివాసి తిరుగుబాట్ల మీద వ్యాసం రాస్తూ రంపనూ బాబేఝరినీ పక్కపక్కన పెట్టాడు. రెండూ దాడులు కావని, బయటివాళ్లు నేలనూ బతుకునూ లాక్కుంటుంటే దిక్కుతోచనివాళ్లు ఆఖరికి చేసిన ఆత్మరక్షణ అని తేల్చాడు. పేరుకు చిన్న వ్యాసమే అయినా దాంతో విచారణ దిశ తిరిగింది. వీళ్లను ఎలా అణచాలి అనే ప్రశ్న పోయి, వీళ్ల మీద ముందు దాడి చేసింది ఎవరు అనే ప్రశ్న వచ్చింది.

ఈ మాట వినే మనిషి హైదరాబాద్ ప్రభుత్వంలో ఉండటం మరో కలిసొచ్చిన సంగతి. రెవెన్యూ, పోలీసు శాఖలు చూస్తున్న విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ అంతకుముందు బస్తర్‌లో పనిచేసి, అక్కడి మాడియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. కోర్టులో జవాబు ఏ భాషలో చెప్పాలో తెలియక ఓడిపోయినవాళ్ల పిల్లలకు సర్కారు వాళ్ల భాషలోనే అక్షరాలు దిద్దించింది. ఆ బడిలో తయారైన యువకులు తర్వాత టీచర్లుగా, గుమాస్తాలుగా మారి, తమవాళ్ల దరఖాస్తులు తామే రాశారు.

దీనితో పాటు పట్టాల పని జరిగింది. సర్కారు భూమిని పట్టాకిచ్చే లావణి నిబంధనల కింద ప్రత్యేక అధికారులు గూడెం గూడెం తిరిగి, దున్నుతున్న గోండు, కోలాం కుటుంబాలకు భూమి రాసిచ్చారు. అడవి గీతల్లో ఇరుక్కున్న కొన్ని చెల్కలకు విముక్తి దొరికింది. మెస్రం వంశంవాళ్లు పుష్య అమావాస్య నాడు జరుపుకునే కేస్లాపూర్ నాగోబా జాతరలో, ఆ 1940లలోనే, అధికారులు కొండవాళ్ల దగ్గరికి వచ్చి ఫిర్యాదులు వినే దర్బారు మొదలైంది. భీం మెట్లెక్కిన రోజుల్లో దొరకని చెవి ఏడాదికి ఒకరోజైనా గూడేనికి వచ్చి కూర్చోవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతోంది.

చట్టం కూడా వచ్చింది. 1356 ఫసలీ, అంటే 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చారు. 1949లో నిబంధనలు మరింత గట్టిపడ్డాయి. నోటిఫై చేసిన ప్రాంతాల్లో తగాదాలు తీర్చే అధికారం ప్రత్యేక అధికారులకూ, ఆదివాసి పంచాయతీలకూ వచ్చింది. భూమి బయటివాళ్లకు పోకుండా అడ్డుకట్ట పడింది. జోడేఘాట్‌లో దరఖాస్తు దారి ఎక్కడ తెగిందో, అక్కడే ఈ రెగ్యులేషన్ ఆ దారి మళ్లీ వేసింది.

రెండు కొండల మీది నుంచి ఒక్క చట్టం

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నర్ చేతికి ఒక ప్రత్యేక అధికారం ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల శాంతి, సుపరిపాలన కోసం, రాష్ట్రపతి ఆమోదంతో, ఆయన రెగ్యులేషన్లు చేయవచ్చు. 1956లో తెలంగాణ, ఆంధ్ర కలిసేసరికి ఒకే రాష్ట్రంలో రెండు రకాల ఏజెన్సీ చట్టాలు ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతానికి 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. దాన్నే 1963 చివర్లో తెలంగాణకు కూడా వర్తింపజేశారు. హైదరాబాద్ రాజ్యంలో జోడేఘాట్ తర్వాత పుట్టిన నిబంధనల స్థానంలో ఇది నిలిచింది.

కానీ 1959 రెగ్యులేషన్‌కు ఒక కిటికీ ఉంది. అధికారి ముందస్తు అనుమతి ఉంటే భూమి గిరిజనేతరుడికి పోవచ్చు. అనుమతి అనే మాట ఉన్నచోట సావుకారికి దారి దొరుకుతుంది. పైగా అప్పటికే గిరిజనేతరుల చేతిలోకి పోయిన భూమి వాళ్లలో వాళ్లే చేతులు మార్చుకుంటే అడిగేవాడు లేడు. చట్టం పుస్తకంలో ఉంది, భూమి మాత్రం జారిపోతూనే ఉంది.

ఆ కిటికీ మూయించింది శ్రీకాకుళం. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు పంతుళ్లు సవరల్నీ జాతాపుల్నీ కూడగట్టి, జీతాల పెంపు, అప్పుల రద్దు, భూమి తిరిగి ఇవ్వడం అడిగారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు పోతున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి ఉద్యమం ఆయుధాల బాట పట్టింది. పోలీసు దళాలు కొండల్ని చుట్టుముట్టి ఉండగానే, 1970 ఫిబ్రవరి 3న, 1/70 అమల్లోకి వచ్చింది. అనుమతి అనే కిటికీ మూసుకుంది. గిరిజనేతరుల మధ్య బదలాయింపులూ చెల్లవన్నారు. రుజువు భారం తలకిందులైంది. అదే ఏడాది జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు.

నాయకుల్ని చంపిన ప్రభుత్వమే వాళ్ల కోరికల్లో ఒకదాన్ని గెజిట్‌లో అచ్చేసింది. అణచివేత ఒక చేత్తో, ఒప్పుకోలు ఇంకో చేత్తో. ఒప్పుకోవడం మాత్రం మనసులో మాటగానే ఉంచుకుంది. ఏ రెగ్యులేషన్ పీఠికలోనూ తిరుగుబాటుదారు పేరు ఉండదు. "శాంతి, సుపరిపాలన" అని ఉంటుంది.

జగిత్యాల దారి వేరు

ఆదిలాబాద్ నుంచి గోదావరి దాటితే కరీంనగర్. అక్కడ ఏజెన్సీ లేదు, అయిదో షెడ్యూలు లేదు. గడి ఉంది, దొర ఉన్నాడు. ఊరి చెరువు శిఖం, బంజరు, పోరంబోకు దొర అనుభవంలో ఉన్నాయి. వెట్టి ఉంది. తప్పు చేశావని దొర ఇంటి వాకిట్లో పంచాయితీ పెట్టి జరిమానా వేస్తే కట్టి తీరాలి. జీతగాడు ఏడాదికి పుచ్చుకున్న అప్పు తీర్చలేక మళ్లీ ఏడాదికి అదే ఇంట కుదురుకోవాలి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే వీటన్నిటికీ అప్పటికే చట్టాలున్నాయి. 1948 నుంచి కనీస వేతనాల చట్టం ఉంది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. 1976లో కట్టుబానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేశారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక రైతుకూలీ సంఘాలు ఊళ్లలో పుట్టుకొచ్చి ఈ చట్టాలు చెప్పిన పనే మొదలుపెట్టాయి. వెట్టి చేసేది లేదన్నారు. జీతం పెంచమన్నారు. తీసుకున్న జరిమానాలు తిరిగి ఇమ్మన్నారు. సర్కారు భూమిలో నాగళ్లు కట్టారు. మాట వినని దొర మీద సంఘ బహిష్కారం పెట్టారు. ఇంట్లో పనికి ఎవరూ పోరు, బట్టలు ఉతకరు, గడ్డం గీయరు, పొలంలో దిగరు. అంతకుముందు ఎదురు తిరిగిన కుటుంబాన్ని వెలివేయడానికి దొర వాడిన ఆయుధమే అది. దాన్ని ఊరు తిప్పి పట్టుకుంది. 1978 సెప్టెంబర్ 7న వేలాది మంది రైతుకూలీలు జగిత్యాల పట్టణంలో నడిచారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు.

జవాబు ఎలా వచ్చిందో చూడండి. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లలో పోలీసు క్యాంపులు దిగాయి. జోడేఘాట్ తర్వాత సర్కారు ఎందుకు అని అడిగింది. జగిత్యాల తర్వాత ఎవరు అని మాత్రమే అడిగింది. పేర్లు రాసుకుంది, పట్టుకుంది, కేసులు పెట్టింది. చట్టంలో ఉన్నదాన్ని అమలు చేయమన్నవాళ్లు చట్టానికి శత్రువులయ్యారు. ఊళ్లలో తిరగలేని యువకులు గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల వైపు పోయారు. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ఉత్తర తెలంగాణ చూసిన నెత్తుటి చరిత్రలో ఈ మలుపు బరువు చాలా ఉంది. రెండు వైపులా తుపాకులు మాట్లాడటం మొదలయ్యాక దరఖాస్తు పట్టుకున్న మనిషి గొంతు ఎవరికీ వినపడలేదు.

దొరలు పట్నాలకు తరలిపోయారు, వెట్టి పోయింది, "బాంచెన్" అనే మాట ఊళ్లలో వినపడటం తగ్గింది. కానీ దాన్ని ఏ రెగ్యులేషనూ తన ఘనతగా చెప్పుకోలేదు. కరీంనగర్ మైదానంలో తిరుగుబాటు కొత్త చట్టాన్ని తేలేదు. ఉన్న చట్టాన్ని జనం తామే అమలు చేసి చూపించారు.

కేస్లాపూర్‌కు కూతవేటు దూరంలో

1/70 వచ్చి పదకొండేళ్లయింది. ఆదిలాబాద్‌లో భూమి మళ్లీ చేతులు మారుతోంది. బినామీ పేర్లు, తెల్లకాగితం ఒప్పందాలు, కౌలు ముసుగులో అమ్మకాలు. 1976 నాటి సవరణతో తెలంగాణ లంబాడాలు కూడా షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. వాళ్లూ పేదలే, వాళ్ల హక్కూ హక్కే. కానీ మహారాష్ట్రలో వాళ్లకు ఆ గుర్తింపు లేకపోవడంతో అటు నుంచి వలసలు పెరిగాయని, తమ చెల్కల మీద కొత్త ఒత్తిడి పడిందని గోండుల వాదన. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. 1970లలో మళ్లీ ఆదిలాబాద్ వచ్చిన హైమండార్ఫ్, తాను పట్టాలు ఇప్పించిన గూడేల్లో ఆ నేల పరాయిదై ఉండటం చూసి, 1982లో వచ్చిన తన పుస్తకంలో బాధగా నమోదు చేశాడు.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం అక్కడ సభ తలపెట్టింది. భూమికి పట్టాలు, పంటకు ధర, అటవీ సిబ్బంది వేధింపులకు ముగింపు కావాలని వాళ్ల కోరికలు. మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు రద్దు చేసి, 144వ సెక్షన్ పెట్టారు. కొండల నుంచి డప్పులతో దిగుతున్నవాళ్లకు ఆ కబురు చేరలేదు, చేరినా సంత మానుకునే రోజు కాదు. పోలీసులు కాల్పులు జరిపారు. పదమూడు మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. అంతకు ఎన్నో రెట్లు పోయారని ఆదివాసుల మాట. నాగోబా దర్బారు జరిగే కేస్లాపూర్ అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది. దరఖాస్తు ఇవ్వడానికి వచ్చినవాళ్ల మీద తూటా పేలిన చోటూ, దరఖాస్తు తీసుకోవడానికి సర్కారే వచ్చి కూర్చునే చోటూ ఒకే మండలంలో ఉన్నాయి.

చనిపోయినవాళ్ల కోసం కట్టిన ఎర్ర స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు. తర్వాత అది గిరిజనాభివృద్ధి సంస్థ సొమ్ముతోనే మళ్లీ లేచింది. చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20న అక్కడికి పోవడానికి కూడా ఆంక్షలు ఉండేవి.

సర్కారు కూడా హద్దులోపలే

ఇంతమంది ప్రాణం పెట్టిన చట్టాన్ని గిరిజనేతర భూస్వాములు కోర్టుకు ఈడ్చారు. ఆస్తి అమ్ముకునే హక్కు పోయిందన్నారు. 1988లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి 1/70 చెల్లుతుందని తీర్పు చెప్పింది. అంతకంటే పెద్ద అడుగు 1997 జూలైలో పడింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి వైపు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇస్తే సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. భూమి సర్కారుది, లీజు ఇచ్చుకుంటే తప్పేమిటని ప్రభుత్వ వాదన. గిరిజనేతరుడికి భూమి బదలాయించరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. సావుకారిని ఆపే నిబంధనే సర్కారునూ ఆపుతుంది.

1839 నుంచి తిరుగుబాటుదారులు రకరకాల భాషల్లో అడుగుతున్నది సరిగ్గా ఇదే. కోయలు అడిగారు, గోండులు అడిగారు, సవరలు అడిగారు, జగిత్యాల కూలీలు అడిగారు. మా మీద రాజ్యం ఉండకూడదని అన్నవాళ్లు తక్కువ. మాకు గీసిన గీత మీకూ ఉండాలని అడిగినవాళ్లే ఎక్కువ. రాజుకు ఎదురు తిరగడం అంటే క్రమం చెడగొట్టడమని రాజ్యం అనుకుంటుంది. ఈ కథలో క్రమం తప్పింది ముందు రాజ్యమే. గుడిసెలు తగలబెట్టడం ఏ చట్టంలో ఉంది? వెట్టి చేయించడం ఏ చట్టంలో ఉంది? తిరగబడ్డవాళ్లు తప్పిన క్రమాన్ని గుర్తు చేశారు. చాలామంది ఆ గుర్తు చేయడంలోనే పోయారు.

అలాగని తిరుగుబాటు చేస్తే చట్టం దానంతట అదే వస్తుందనుకోవడం పొరపాటు. రంప తర్వాత 38 ఏళ్లు పట్టింది. జగిత్యాల తర్వాత చట్టమే రాలేదు, క్యాంపులు వచ్చాయి. జోడేఘాట్ తర్వాత ఆరేళ్లలో రెగ్యులేషన్ రావడానికి కారణం తుపాకి మోత ఒక్కటే కాదు. ఆ మోత ఎందుకు వినిపించిందో గూడెంలో ఉండి తెలుసుకున్న మనిషి ఒకడు, ఆ మాట చెవిన పెట్టిన అధికారి ఒకడు దొరికారు. తిరుగుబాటు ప్రశ్న వేస్తుంది. దాన్ని ప్రశ్నగా వినేవాళ్లు లేకపోతే అది శాంతిభద్రతల సమస్యగానే మిగిలిపోతుంది.

ఇప్పటికీ ఈ కథ సాగుతోంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని కింద, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. భీం అడిగిన కాగితం ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆయన పోయిన ఎనభై మూడేళ్లకు, కొందరి చేతికి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2025 మే నెలాఖరులో, జీవో 49 వచ్చింది. తడోబా, కవ్వాల్ అభయారణ్యాల నడుమ పులులు తిరిగే దారిని కాపాడటానికి ఆ జిల్లా అడవుల్లో పెద్ద భాగాన్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ, దానికి కుమురం భీం పేరే పెట్టారు. మళ్లీ ఒక గీత పడుతుందని, మళ్లీ చెల్కల మీదికి గార్డు వస్తాడని గూడేలు భయపడ్డాయి. ఆదివాసి సంఘాలు బంద్‌కు దిగాయి. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది.

ఈసారి తూటా పేలలేదు, గుడిసె కాలలేదు. ఎదురు చెప్పిన మాట నెలన్నర, రెండు నెలల్లోనే పై దాకా చేరింది. పులికీ చోటు కావాలి, మనిషికీ చోటు కావాలి, ఆ లెక్క తేలడం కష్టమే. కానీ ఆ లెక్క తేల్చే చోట గూడెం మనిషి కూడా కూర్చుని ఉండాలన్నది 1940 నేర్పిన పాఠం. దాన్ని జీవో అచ్చయ్యాక కాకుండా, రాయడానికి ముందే గుర్తుంచుకునే సర్కారుకు తిరుగుబాట్లను లెక్కపెట్టుకునే అవసరం రాదు.